పదకొండు ఎక్కాయి, ఒక్కటీ దిగలేదు

నమోదు 14. సోమవారం, ఉదయం ఆరున్నర

పడమటి ఇసుక: పదకొండు నక్కల అడుగులు, వంతెన ఎక్కుతూ.
తూర్పు ఇసుక: ఏమీ లేదు.

విశేషాలు: వరసగా తొమ్మిదో రోజు ఇదే లెక్క. పదకొండు ఎక్కాయి, ఒక్కటీ దిగలేదు. రేపు మళ్ళీ పదకొండు ఎక్కుతాయి. ఈ ప్రకారం వంతెన మీద ఇప్పటికి తొంభైతొమ్మిది నక్కలుండాలి. వంతెన పొడవు నలభై గజాలు, వెడల్పు పన్నెండు. గీసినవాణ్ణి నేనే కాబట్టి నాకు తెలుసు. తొంభైతొమ్మిది నక్కలు ఆ జాగాలో ఉంటే ఊరికి నిద్ర ఉండదు. ఊరు హాయిగా నిద్రపోతోంది.

‘విశేషాలు’ గడిలో ఎంతయినా రాయవచ్చునని నియమం. రబ్బరు వాడకూడదు, కాగితం చింపకూడదు, కొట్టివేత కనపడాలి. ఈ నియమం చేసినవాడికి నాలాంటి ముసలివాళ్ళ సంగతి తెలియదు. యంత్రాలు తీసిన బొమ్మల్నీ యంత్రాలు చేసిన లెక్కల్నీ న్యాయస్థానం నమ్మడం మానేసి పదిహేనేళ్ళయింది. ఏ బొమ్మ నిజంగా తీసిందో, ఏది పుట్టించిందో తేల్చలేక చివరికి మనిషి కంటికీ చేతిరాతకీ దిగివచ్చారు. అందుకని పింఛను తినే ప్రతివాడూ ఏడాదికో నెల ఎక్కడో ఒకచోట సాక్షిగా కూర్చోవాలి. చీటీలు తీశారు. నా వంతుకు నా వంతెనే వచ్చింది.

ఈ నెలాఖరున విచారణ. ఈ పుస్తకమే ఆధారం కనక సంగతి ఒకసారి రాసిపెడతాను. మూడో ట్రాము మార్గం ఎర్రకొండను కోసుకుని రేవుకు పోతుంది. కోతకు పడమర కొండ, తూర్పున మడ అడవి. జంతువులు అటూ ఇటూ దాటడానికి కోత మీద నా వంతెన ఉంది. అడుగులు పడేందుకు దాని రెండు కొసలా ఇసుక పరిచారు. దాని కిందనే తెల్లవారుజాము బండీ, సంజె బండీ రెండేసి నిమిషాలు దీపాలార్పి, తెరలు దించి, మాటామంతీ లేకుండా ఆగుతాయి. దాని పేరు మౌన విరామం. అది ఉపేంద్ర పట్నాయక్ సృష్టి. ఆయన బళ్ళ నడక చూసేవాడు, నేను కట్టడాలు చూసేవాణ్ణి. జంతువుకు కావలసింది వంతెన అని నేను, బండి కాసేపు ఆగితే చాలునని ఆయన. ఇరవై రెండేళ్ళ కిందటి కమిషనరు పిరికివాడు కాబట్టి రెండూ ఇచ్చి తప్పుకున్నాడు.

ఇప్పుడు జనానికి వేగం కావాలి. కొత్త నియమం వచ్చింది: జంతువుల పేరిట ఒక మార్గానికి ఒక్కటే మినహాయింపు. జంతువులు వంతెన దాటుతున్నాయని ఇసుక చెబితే వంతెన ఉంటుంది, విరామం పోతుంది. దాటడం లేదని చెబితే విరామం ఉంటుంది, వంతెన కూలుస్తారు. నేను కట్టిన మిగతావన్నీ సముద్రం తీసుకుంది. ఇదొక్కటే మిగిలింది.


నమోదు 15. మంగళవారం, ఉదయం తొమ్మిది

పడమటి ఇసుక: పదకొండు. తూర్పు ఇసుక: ఏమీ లేదు.

విశేషాలు: నిన్న గాలిని అనుమానించాను. సాయంత్రం ఐదింటికి ఇసుక దువ్వి, తడిపి, దాని మీద ముగ్గుపిండి జల్లెడ పట్టాను. సంజె విరామం సమయానికి రెండు వందల గజాల లోపల మనిషి ఉండకూడదు కనక గుడిసెకు వెళ్ళిపోయాను. వంతెన మీద అయితే ఏ వేళా మనిషి కాలు పెట్టకూడదు. ఆ నిషేధం రాసిందీ నేనే. బిడ్డను ముట్టుకోకూడదని తల్లే శాసనం రాసుకున్నట్టుంది నా పని.

పొద్దున పిండి మీద అడుగులు అద్దంలో మొహంలా పడ్డాయి. ఒక నక్కకు ఎడమ ముందుకాలికి మూడే వేళ్ళు. ఈ పుస్తకంలో నేను చేత్తో గీసిన పాత అడుగుల బొమ్మలు తిరగేశాను. అది రోజూ ఎక్కుతోంది. అంటే రోజుకో కొత్త గుంపు కాదు, అవే పదకొండు. దిగకుండా మళ్ళీ ఎలా ఎక్కుతాయి? తర్కం మీద ఈ ఊళ్ళో నేను చదివినన్ని గ్రంథాలు ఎవడూ చదవలేదు. పొగను చూసి నిప్పును ఊహించడం చేతనవును. పొగ రోజూ ఒకే చోట పుట్టి, ఎటూ పోకుండా మాయమైతే ఏం ఊహించాలో ఏ గ్రంథంలోనూ లేదు.

ఎనిమిదింటికి పట్నాయక్ తనిఖీకి వచ్చాడు. విచారణ సంఘంలో ఆయనొక సభ్యుడు. నా సాక్షి నియామకం చెల్లదని ముందు ఆయనే అభ్యంతరం పెట్టి, తర్వాత ఆయనే వెనక్కి తీసుకున్నాడు. నా చేతిరాతతోనే నా వంతెన కూలాలని. అది ఇప్పుడు తెలుస్తోంది.

“ఏమయ్యా నీలాద్రీ, నీ వంతెన నక్కల్ని మింగుతోందట!”

“ఎవరు చెప్పారు నీకు?”

“శనివారం శనివారం నీ పుస్తకం నకలు వస్తుంది కదా. నన్ను తిట్టిన భాగాలు మా ఆవిడ పైకి చదువుతుంది. ‘పట్నాయక్‌కు గడియారం ఉంది, కళ్ళు లేవు’ అన్నావు చూడు, అది రెండుసార్లు చదివించుకున్నాను.”

“మూడోసారి చదివించుకో, అర్థమవుతుంది.”

“నాకు అర్థమయ్యేది ఒకటే. జంతువు నీ వంతెన సగం దాకా వెళ్ళి, ఛీ అని వెనక్కి వస్తోంది.”

“వెనక్కి వస్తే పడమటి ఇసుక మీద దిగిన అడుగులుండవా? చూసుకో.”

ఆయన వంగి చూశాడు. ఎనభై ఏళ్ళ మోకాళ్ళు రెండూ చప్పుడు చేశాయి. చాలాసేపు చూశాడు.

“మరి ఎటు పోతున్నాయయ్యా?” అన్నాడు, గొంతులో వేళాకోళం లేకుండా. ఇరవై రెండేళ్ళలో మేమిద్దరం ఒకే ప్రశ్న దగ్గర నిలబడడం అదే మొదలు. నాకు బొత్తిగా నచ్చలేదు.


నమోదు 17. గురువారం, ఉదయం తొమ్మిది

పడమటి ఇసుక: పదకొండు.
తూర్పు ఇసుక: ఎనిమిది, దిగుతూ. (కొట్టివేత.) ఏమీ లేదు.

విశేషాలు: కొట్టివేతకు సంజాయిషీ రాయాలి. రాస్తాను.

ఆ ఎనిమిదీ నేను వేసినవి. చూపుడువేలూ నడిమివేలూ కలిపి నొక్కితే ముందు వేళ్ళు, బొటనవేలి గుబ్బతో మడమ, గోటి కొసతో గోళ్ళు. పదిహేడు రోజులు చూసిన చేతికి అదొక విద్య కాదు. వంతెన ప్రారంభం రోజున శిలాఫలకం మీద కమిషనరు పేరుంది, రిబ్బను కత్తిరించిన వాళ్ళ పేర్లున్నాయి, ఆ ఫలకం చెక్కినవాడి పేరు కూడా మూలన ఉంది. గీసినవాడి పేరు లేదు. ‘ఆకుపచ్చ వారధి’ అని పద్యం చదివినవాడికి శాలువా కప్పారు, నాకు పంక్తిలో మూడో వరసలో భోజనం పెట్టారు. ఇప్పుడు దాన్ని కూల్చడానికి మాత్రం నా చేతిరాత కావాలి. ఎనిమిది నక్కలను దింపితే పోయేదేముంది అనుకున్నాను. విరామం పోతుంది, అంతే. పట్నాయక్ విరామం.

చివరి నక్కకు మూడు వేళ్ళు వేస్తున్నాను, నమ్మకం కుదరాలని. వెనక నుంచి నవ్వు వినపడింది.

“ఏటి బాబూ, ఈ వొయిసులో ఇసకలో ఆటలేటి?”

ఎర్నమ్మ. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఈ దారినే కాలనీకి పోతుంది. నా ఈడుదే అయి ఉంటుంది. నడకలో మాత్రం నలభై దాటలేదు.

“ఆట కాదు. నక్కల అడుగులు చూస్తున్నాను.”

“సూత్తన్నావా, ఏత్తన్నావా?” గంప దించి తూర్పు ఇసుక దగ్గర గొంతుక్కూర్చుంది. “ఇది మా కుంటిదాని అడుగే అనుకో. కానీ ఇలాగెయ్యదు బాబూ. దానికి ఎడం కాలు నొప్పి. మోపీ మోపనట్టు మోపతాది. నువ్వు పిండి రుబ్బినట్టు నొక్కేసినావు.”

నా వేళ్ళు ఇసుకలోనే ఉండిపోయాయి.

“మా కుంటిది ఏమిటి? నీకెలా తెలుసు దాని నడక?”

ఆమె మొహం ముడుచుకుంది. గంప ఎత్తుకోబోయింది. నేను అడ్డం నిలబడ్డాను. నిజం చెప్పాలంటే బతిమాలాను. పట్నాయక్ చదివినా సరే, రాస్తున్నాను: బతిమాలాను.

“సెప్తే మా పెట్టి పీకేత్తారు,” అంది చివరికి. ట్రాములో ఆఖరి పెట్టె చేపలమ్మే ఆడవాళ్ళది. గంపలతో మరో పెట్టెలో ఎక్కనివ్వరు. “వోసనొత్తందని ఇదివరకే అర్జీ ఎట్టినారు మీ కాలనీ మారాజులు.”

ఆ అర్జీలో మొదటి సంతకం నాది. భాష కూడా నాదే. ‘దుర్భరమైన దుర్గంధం’ అన్నచోట అనుప్రాస కుదిరిందని అప్పట్లో మురిసిపోయాను. ఆ సంగతి ఆమెకు చెప్పాను. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

“అయితే నువ్వేనా ఆ మారాజువి! సరేలే. రేపు సంజెబండికి మా పెట్టిలో ఎక్కు. ముందు ఆ వోసనలో కూకో. అప్పుడు సూద్దూగాని. సూసినాక ఏటి రాత్తావో నీ దరమం.”


నమోదు 18. శుక్రవారం, రాత్రి ఎనిమిది

పడమటి ఇసుక: ఈ సంజె చూడలేదు. కాపలా విడిచి వెళ్ళాను. తూర్పు ఇసుక: చూడనక్కరలేదు.

విశేషాలు: కాపలా విడవడం తప్పని తెలుసు.

గంపల పెట్టెలో పన్నెండు మంది ఆడవాళ్ళు, ఖాళీ గంపలు, నేను. పెట్టెకు తెరలు లేవు. ఈ ఆడవాళ్ళ వంక చూసేదెవరులెమ్మని ఎవరూ తెరలు బిగించలేదు. తలుపు కూడా సరిగా మూసుకోదు. వాసన సంగతి నా అర్జీలో రాసినంత లేదని ఒప్పుకుంటాను. పది నిమిషాల తర్వాత అసలు లేదు.

“ముక్కు మూసుకోకు తాతా, నక్కలు సిగ్గడతాయి,” అని ఒక పడుచుపిల్ల అంటే అందరూ ఒక్కసారి గొల్లుమన్నారు.

ఆరున్నరకు బండి కోతలో ఆగింది. దీపాలారాయి. ముందు పెట్టెల్లో తెరలు దిగిన చప్పుడు. ఎర్నమ్మ తలుపును కాలితో పక్కకు తోసింది.

వంతెన నడిమి స్తంభానికి ఇనుపమెట్లున్నాయి. పైన మొక్కలకు నీళ్ళు పోసే తోటమాలి కోసం నేనే పెట్టించాను. నా నిషేధం వర్తించని ఆ ఒక్కడి ఉద్యోగం తీసేసి పందొమ్మిదేళ్ళయింది. మెట్లను అందరూ మరిచిపోయారు, నాతో సహా. ఆ మెట్ల మీదుగా, ఒకదాని వెనక ఒకటి, నక్కలు దిగి వచ్చాయి.

పైన మెట్టు దగ్గర ప్రతి నక్కా ఆగింది. ఒక ముందుకాలు గాలిలో ఎత్తి, కిందికి చూసి, ఏదో తేల్చుకుని, అప్పుడు దిగింది. మెట్ల కిందనే పెట్టె తలుపు. పదకొండూ ఎక్కాయి. గంపల మధ్య సర్దుకుని కూర్చున్నాయి. మూడు వేళ్ళది ఎర్నమ్మ కాళ్ళ దగ్గర కూలబడింది. ఎవరూ వాటిని ముట్టుకోలేదు, పిలవలేదు. నేను లెక్కపెట్టాను. మొదటి నక్క మెట్టు దిగినప్పటి నుంచి చివరిది లోపలికి వచ్చేదాకా యాభై రెండు అంకెలు.

బండి కదిలింది. రెండు స్టేషన్ల తర్వాత మడ అడవి. అక్కడ తలుపు మళ్ళీ తెరిచారు. పదకొండూ దిగి చీకట్లోకి పోయాయి. తెల్లవారుజామున ఇదే పెట్టెలో తిరిగి వస్తాయట. ఆ బండి కొండవైపు పట్టాల మీద ఆగుతుంది కాబట్టి అవి వంతెన అవసరం లేకుండా నేరుగా కొండెక్కిపోతాయి. నా ఇసుక మీద అడుగు పడేది వెళ్ళేటప్పుడు, అదీ ఒక్క వైపు.

“తూర్పున దిగవెందుకు?”

“ఆ మేడలు సూసినావా బాబూ? పోయిన ఎండల కాడి నుంచీ సంజెయితే సాలు, పట్టపగలు సేసేత్తన్నారు దీపాలతోటి. ఏ నక్క దిగుతాది? మొదట ఈ కుంటిదే మెట్లట్టుకుని దిగొచ్చినాది. మాకు బయమేసింది. మా అత్త అన్నాది, ఒలమ్మా నక్క ఎదురొత్తేనే అదురుట్టం, ఎక్కి కూకుంటే ఇంకేటి, ఊరుకోండెహె అని.”

“చేపలు తినవా?”

“రొయ్య తలకాయలు ఇసిరేత్తాం. గంపలో మూతెట్టవు. మడుసుల కంటే నయం.”

మడ స్టేషన్ నుంచి నడిచి వచ్చాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. జంతువులు వంతెన దాటడం లేదు. అది నిజం. పట్నాయక్ గెలిచాడు. కానీ సంజె బండి ఆగేది అవతలి పట్టాల మీద. వంతెన లేకపోతే అవి ఆ మెట్ల దాకా రాలేవు, విరామం ఉండీ దండగ. పట్నాయక్ ఓడాడు. విరామం తీసేస్తే మెట్లు దిగి పట్టాల పక్కన నిలబడతాయి, ఆగని బండి వాటి మీద నుంచి పోతుంది. నేను నిన్న ఇసుక మీద వేసిన ఎనిమిది నక్కల అడుగులకు అర్థం అదీ.

ఇరవై రెండేళ్ళు ఎవరితో పోట్లాడానో, దేని గురించి పోట్లాడానో ఈ రాత్రి నాకు స్పష్టంగా తెలియడం లేదు. రేపు శనివారం, నకలు పోతుంది. ఎర్నమ్మను అడిగాను, రాయనా అని. “రాయి. మా పెట్టి ఉండాలని కూడా రాయి. అర్జీ రాసిన సెయ్యే కదా,” అంది. రాస్తున్నాను: గంపల పెట్టె ఉండాలి. అనుప్రాస లేదు.


నమోదు 30. బుధవారం, సాయంత్రం నాలుగు

విశేషాలు: ఉదయం విచారణ జరిగింది. కమిషనరమ్మ చిన్నది, పుస్తకం మొత్తం చదివి వచ్చింది. నా కాలంలో కమిషనర్లకు ఆ అలవాటు లేదు.

“నీలాద్రి గారూ, సూటిగా చెప్పండి. జంతువులు వంతెన దాటుతున్నాయా?”

“లేదండి.”

హాలులో కలకలం. ఇరవై రెండేళ్ళుగా నేను అవుననే చెప్పేవాణ్ణి.

“అయితే వంతెన తీసెయ్యవచ్చు.”

“తీసేస్తే పట్నాయక్ గారి విరామంలో నక్క ఎటు నుంచి దిగుతుందో ఆయన్నే చెప్పమనండి.”

పట్నాయక్ లేవలేదు. కాగితాల వంక చూస్తూ, “పై నుంచే దిగాలి,” అన్నాడు.

ఎర్నమ్మను పిలిచారు. గుమాస్తా అడిగాడు, “నువ్వు సాక్షివా?”

“నానా? నాను పాసింజర్ని బాబూ. అవీ పాసింజర్లే.”

కమిషనరమ్మ నవ్వు ఆపుకుంది. “అమ్మా, అందరి బాధా నాకు తెలుస్తోంది. కానీ నియమం నియమమే. మార్గానికి ఒక్క మినహాయింపు. రెండు ఇస్తే మిగతా ఆరు మార్గాల వాళ్ళూ నా గుమ్మంలో ఉంటారు. ఏది ఉంచమంటారు?”

పన్నెండు రోజులు దీని మీదే కూర్చున్నాను. లేచి చెప్పాను.

“సగం వంతెన, సగం విరామం. తూర్పు సగం ఎవరూ తొక్కడం లేదు, తీసెయ్యండి. పడమటి ఇరవై గజాలు, మెట్ల దాకా, ఉంచండి. ఇక విరామం. నక్కలకు యాభై రెండు అంకెలు పట్టింది. ఒక నిమిషం చాలు. సగమూ సగమూ కలిస్తే ఒకటి.”

“నా రెండు నిమిషాల్లో ఒకటి కోసేస్తావా?” పట్నాయక్ కుర్చీలోంచి లేచాడు.

“నా నలభై గజాల్లో ఇరవై కోసుకున్నాను. నీకు నొప్పేమిటి?”

“సగం వంతెన అంటే జనం నవ్వుతారయ్యా!”

“నవ్వేది నన్ను. నీ నిమిషం ఎవడికి కనపడుతుంది?”

కమిషనరమ్మ గుమాస్తా వైపు చూసింది. ఆయన నియమావళి ముందుకూ వెనక్కూ తిప్పాడు. సగాలు కలపకూడదని ఎక్కడా లేదన్నాడు. పట్నాయక్ గుమాస్తా వైపు తిరిగాడు. “ఆ ఆడవాళ్ళ పెట్టె తలుపు బాగుచేయించవద్దని ఆర్డరులో రాయండి. మూసుకుంటే అన్నీ దండగ,” అని కూర్చున్నాడు.

ఆ మాట నాకు తట్టలేదు. తట్టనందుకు ఇంకా మంటగానే ఉంది.

దొంగ అడుగులు వేసినందుకూ, కాపలా విడిచినందుకూ నన్ను ఇకపై సాక్షి పనికి అనర్హుణ్ణి చేశారు. శిక్షో బహుమానమో అర్థం కాలేదు.


ఆఖరి పేజీ. నంబరు వేసే అధికారం నాకు లేదు

ఈ ఉదయం కోత దగ్గరికి రమ్మని కబురు పెట్టారు. వంతెన ఎక్కడ కోయాలో గీత గీయాలట. గీసినవాడు బతికి ఉండగా మరొకరెందుకని పట్నాయక్ చెప్పాడట. దయో, కసో, ఆయనకీ తెలిసి ఉండదు.

ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి వంతెన మీద కాలు పెట్టాను. గడ్డి మోకాలి దాకా ఉంది. కోత పనివాడు సుద్ద పూసిన దారం తెచ్చి, టేపు పట్టి, పడమటి కొస నుంచి ఇరవై గజాలు కొలిచాడు. గీత సరిగ్గా మెట్టు అంచున పడింది.

“ఇక్కడేనా సార్?”

నేను దారం కొస పట్టుకుని తూర్పుకు జరిగాను. ఒకటిన్నర గజం.

“ఆర్డరులో ఇరవై గజాలే ఉంది,” అన్నాడు పట్నాయక్. చేతిలో ఆ కాగితం ఉంది.

“దిగే ముందు నక్క కాలెత్తి ఆగుతుంది. ఆగడానికి చోటుండాలి.”

“ఎందుకాగుతుంది?”

“తెలీదు.”

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. గడ్డిలో తడబడుతూ అవతలి పక్కకు నడిచాడు. దారం రెండో కొస పనివాడి చేతిలోంచి తీసుకుని, నేను నిలబడిన చోటుకు సరిగ్గా ఎదురుగా, కష్టపడి వంగి, నేలకు అదిమి పట్టుకున్నాడు.

“ఊఁ, కానియ్యి,” అన్నాడు.